గుర్రం వెంట నడచినవారు

శతాబ్ది సావనీరు కమిటీవారు మమ్మును పిలిచి, "అయ్యగారూ, మన తొలి మిషనెరీలు గుర్రాలెక్కి ఊరూరు తిరిగి సువార్త చెప్పారంటారు గదా, ఆ ప్రయాణాలను గురించి నాలుగు పేజీలు వ్రాయండి" అన్నప్పుడు ఇదేమంత పని అనుకున్నాము. వేదాంత కళాశాలలో చదువుకునే రోజులలో సంఘ చరిత్ర పుస్తకాలు తిరగవేసినవారమే. ఎవరు ఏ సంవత్సరంలో వచ్చారు, ఎక్కడ బడి పెట్టారు, ఎందరికి బాప్తిస్మమిచ్చారు అన్నవి నోటికి వచ్చినవే. కాని కాగితం ముందు కూర్చున్నాక ఒక చిన్న ప్రశ్న మమ్మును ఆపివేసింది. ఆ గుర్రం ఏమి తిన్నది?

ఇది నవ్వులాటగా అడిగిన ప్రశ్న కాదు. బందరు నుండి బెజవాడకు 43 మైళ్ళు. నేడు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే కునుకు తీసి లేచేలోపు దిగవలసిన ఊరు వస్తుంది. దాదాపు 180 ఏండ్ల క్రితం అదే దారిన ఒక దొరగారు, ఒక గుర్రం, ఒక గుడారం, రెండు మూడు పెట్టెల పుస్తకాలు వెళ్ళాలంటే వారం పది రోజుల ముందునుండి సన్నాహం జరగాలి. ఆ సన్నాహం ఎట్టిదో తెలుసుకుంటే, మన సంఘ చరిత్రలో పేరెక్కని కొందరు మన కంటికి కనబడతారు. ఈ వ్యాసము వారిని గురించే.

మన దారి చాలా పాతది. 1652లో ఫ్రెంచి దేశపు వజ్రాల వర్తకుడు టావెర్నియే బందరు రేవు నుండి బయలుదేరి నిడుమోలు, ఉయ్యూరు, పటమట మీదుగా బెజవాడ చేరినట్లు తన యాత్రా గ్రంథంలో వ్రాసుకున్నాడు. ఊళ్ళ పేర్లు ఆయన చెవికి విన్నట్లు వంకర టింకరగా వ్రాసినా, చదవగానే మన ఊళ్ళేనని పోల్చుకోవచ్చును. పటమటలో మన సంఘస్థులు ఎందరో కాపురముంటున్నారు. వారి వీధి ఒకప్పుడు ప్రయాణికులు బస చేసిన మజిలీ అని వారికి తెలియకపోవచ్చును. ఈ దేశంలో గుర్రాల పని ఎద్దులే చేస్తాయని కూడా టావెర్నియే వ్రాశాడు. మన దక్షిణ దేశపు నదులు దాటే విధానం కూడా వర్ణించాడు. ఎద్దుతోలు కప్పిన పెద్ద బుట్టలు, అనగా మన పుట్టీలు, వాటిలో సామాను వేసి మనుషులు ఎక్కేవారు. గుర్రం మాత్రం ఈదవలసిందే. పుట్టిలో కూర్చున్నవాడు పలుపు పట్టుకుంటే వెనుకనుండి మరొకడు కొరడాతో అదిలించేవాడు. అనగా గుర్రం మీద ప్రయాణమన్నది ఏటిదగ్గరకు వచ్చేసరికి గుర్రాన్ని మనుషులు దాటించే ప్రయాణమయ్యేది.

మజిలీ అన్నాము గదా. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుండి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన పుస్తకం తెరిస్తే దేవాలయాల మాట ఎంత ఉన్నదో మజిలీల మాట అంత ఉన్నది. ఏ ఊళ్ళో సత్రమున్నది, ఏ ఊళ్ళో సామాను దొరుకుతుంది, ఏ ఏరు ఎట్లా దాటాలి అన్నవి ఓపికగా వ్రాసుకుంటూ పోయారు. ఆ కాలంలో ప్రయాణమంటే ముందుగా తెలిసియుండవలసినది ఇదే. దిగే ఊరు తెలియక బయలుదేరినవాడు ఆకలితో పడుకునేవాడు. గుర్రం ఉన్నవాడికి ఇంకొక చింత, గుర్రం ఆకలి.

ఇక మన కథలోకి వద్దాము. 1841లో చర్చి మిషనెరీ సొసైటీ తరపున రాబర్టు నోబుల్ గారు, హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారు బందరు చేరారు. నోబుల్ గారు బడిని, ఫాక్స్ గారు ఊళ్ళను పంచుకున్నారు. 1843లో ఆరంభమైన నోబుల్ గారి బడి తరువాత నోబుల్ కాలేజీ అయినది. ఫాక్స్ గారు తెలుగు నేర్చి, గ్రామాలలోను జాతరలలోను వాక్యం చెప్పుటకు తిరిగారు. ఆయన ఆరోగ్యం ఎన్నడూ గట్టిది కాదు. మధ్యలో నీలగిరికి వెళ్ళవలసి వచ్చింది. 1845లో భార్యను పోగొట్టుకున్నారు. మరుసటి యేట తిరిగి వచ్చి మళ్ళీ పనిలో దిగారు గాని, ఒళ్ళు సహకరించక 1848లో స్వదేశం వెళ్ళి ఆ యేడు అక్టోబరులోనే ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు. ఆయన చదివిన రగ్బీ బడివారు ఆయన పేర నిధి ఏర్పరచి బందరు బడికి ఒక ఉపాధ్యాయుణ్ణి నిలిపారు. ఇవన్నీ పుస్తకాలలో ఉన్నవి. కాని ఫాక్స్ గారి వంటివారు ఒక ఊరునుండి మరొక ఊరికి ఎట్లా చేరారన్నది ఒక్క మాటలో తేల్చివేస్తారు, గుర్రం మీద వెళ్ళారని.

ఆ ఒక్క మాటను విప్పి చూద్దాము.

మొదటిది కాలం. డెల్టాలో నల్లరేగడి నేల. వానలు పడితే గుర్రం మోకాలిదాకా దిగబడుతుంది, బండి ఇరుసుదాకా దిగబడుతుంది. ఎండాకాలం పగుళ్ళు తీసిన రేగడిలో గుర్రం కాలు చిక్కితే విరిగిపోతుంది. కాబట్టి కార్తీకం దాటి, వానలు వెనుకపట్టి, దారులు గట్టిపడ్డాక బయలుదేరేవారు. మాఘ ఫాల్గుణాలు మంచి రోజులు. కోతలైపోయి జనం కళ్ళాల దగ్గర దొరుకుతారు. మళ్ళీ ఎండలు ముదరక ముందే తిరిగి చేరాలి. సంవత్సరంలో గట్టిగా నాలుగు నెలలు. మన తాతలు "దొరగారు చలికాలం క్యాంపుకు వస్తారు" అనేవారే, ఆ మాట ఈ రేగడి నేల పెట్టిన ముహూర్తమే.

రెండవది గుర్రం. అరబ్బీ గుర్రాలు ఖరీదైనవి, అవి సైన్యంలో అధికారులకు, కలెక్టర్లకు. మిషనెరీ జీతానికి అందేది నాటు తట్టువ, లేదా బర్మా నుండి ఓడలమీద వచ్చే పెగూ తట్టువ. పొట్టిది, బలమైనది, మొండిది. నాలుగు నెలలు కట్టుకొయ్య దగ్గర నిలబడి తిన్న గుర్రాన్ని ఒక్కసారిగా దూరప్రయాణానికి లేవదీయకూడదు. జీను కింద చర్మం మెత్తబడి ఉంటుంది. మొదటి రోజునే వీపు కొట్టుకొని పుండు పడుతుంది. వీపున పుండు పడిన గుర్రం ఉన్నా లేనట్లే. అందుకని ముందు రెండు మైళ్ళు, తరువాత నాలుగు, తరువాత ఆరు, ఇట్లా కొద్ది వారాలపాటు త్రిప్పి వీపును, కాళ్ళను గట్టిపరచేవారు. జీను కింద వేసే కంబళి మడత పడకుండా, చెమట ఉప్పు పేరుకోకుండా రోజూ ఉతికి ఆరవేయాలి. ఇక లాడాలు. డెల్టా మట్టిలో లాడాలు లేకున్నా జరుగుతుంది గాని, బెజవాడ దాటి కొండపల్లి వైపు, హైదరాబాదు దారిన వెళ్ళితే గులకరాళ్ళు, గుట్టలు. కాబట్టి బయలుదేరక ముందే డెక్కలు చెక్కించి లాడాలు కొట్టించాలి. దారిలో ఊడితే కొట్టేవాడు దొరకడు. అందుకు నాలుగు లాడాలు, గుప్పెడు మేకులు సంచిలో వేసుకోవాలి.

మూడవది మేత. మమ్మును ఆపివేసిన ప్రశ్న ఇదే. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన సామెత. ఉత్తర దేశంలో శనగలు పెడతారు, మన మద్రాసు రాజధానిలో ఉలవలు. ఉలవలు ఉడికించి, చల్లార్చి, ఉప్పు కలిపి పెట్టాలి. సరిగా ఉడకని ఉలవ కడుపులో ఉబ్బి శూల తెస్తుంది, శూల వచ్చిన గుర్రం తెల్లవారేసరికి చచ్చిపోనూవచ్చును. నీళ్ళు ముందు, దాణా తరువాత. చెమట ఆరకముందు నీళ్ళ దగ్గరకు పోనీయరాదు. ఉలవలు బస్తాలో బండిమీద తీసుకొనిపోవచ్చును. కాని గడ్డి? డెల్టాలో వరిగడ్డి వాములుండవా అని మీరనవచ్చును. వరిగడ్డి ఎద్దులకు చాలుతుంది. పని చేసే గుర్రానికి అందులో సారం చాలదు. దానికి పచ్చి గరిక కావాలి. గరిక వామి వేసి అమ్మేది కాదు. గట్లమీద, చెరువు అంచులలో, బాటల పక్కన వెతికి, బొరిగెతో వేరుతో సహా చెక్కి, మట్టి దులిపి, నీళ్ళలో కడిగి, మోపుకట్టి తేవాలి. ఒక గుర్రానికి ఒక రోజుకు ఒక మోపు. అది చెక్కుటకు ఒక మనిషికి పూట పైగా పడుతుంది.

అందువలన ఆ కాలంలో మద్రాసు రాజధానిలో ఒక గుర్రానికి ఇద్దరు మనుషులన్నది వాడుక. ఒకరు గుర్రపువాడు, రెండవవారు గడ్డి కోసే మనిషి. ఈ రెండవ మనిషి చాలాసార్లు గుర్రపువాని భార్యే. ఇద్దరూ గుర్రంతోపాటే నడిచేవారు. దొరగారు గుర్రమెక్కి వెళుతుంటే గుర్రపువాడు పక్కన పరుగెత్తేవాడు. ఏటి దగ్గర, వంతెన దగ్గర, జనం గుమిగూడిన చోట కళ్ళెం పట్టుకునేది అతడే. మజిలీ చేరగానే దొరగారు దిగి నీడకు వెళ్ళేవారు. గుర్రపువాడు మాత్రం గుర్రాన్ని చెమట ఆరేదాకా నెమ్మదిగా నడిపించి, జీను దించి, ఒళ్ళు రుద్ది, ముందు కాళ్ళకు వెనుక కాళ్ళకు తాళ్ళు వేసి మేకులకు కట్టి, నీళ్ళు పెట్టి, పొయ్యి వెలిగించి ఉలవలు ఉడికించేవాడు. అతని భార్య అప్పుడే చేరిన ఆ కొత్త ఊరిలో, ఎవరి గట్టు ఎవరిదో తెలియని చోట, బొరిగె పట్టుకొని గరిక వెతుక్కుంటూ పోయేది. గట్టుమీద చెయ్యి వేస్తే ఎవరు కేకలు వేస్తారో తెలియదు. చెరువులో గడ్డి కడుగుటకు ఆమెను దిగనిస్తారో లేదో తెలియదు. గుర్రపువాళ్ళలో ముసల్మానులు కొందరున్నా, ఈ పని చేసినవారిలో ఎక్కువమంది నాటి రాతలలో పంచములనబడినవారే. అనగా మనలో అనేకుల పూర్వికులే. ఇది చెప్పుకొనుటకు సిగ్గుపడవలసినది లేదు.

ఒకటవ రాజుల గ్రంథము 18వ అధ్యాయంలో ఆహాబు రాజు, అతని గృహనిర్వాహకుడైన ఓబద్యా కరవుకాలంలో దేశం రెండు భాగాలు చేసుకొని, గుర్రాలు కంచరగాడిదలు చావకుండ గడ్డి దొరుకుతుందేమోనని ఊటలవెంట, వాగులవెంట వెతుకబోయిన సంగతి ఉన్నది. మనము ఆ అధ్యాయంలో కర్మెలు కొండమీది అగ్నిని గూర్చి ప్రసంగిస్తాము గాని, ఈ గడ్డి వెతుకులాట దగ్గర ఆగము. రాజు స్వయంగా గడ్డికి బయలుదేరాడంటే అది ఎంత అక్కరో తెలియుచున్నది. మన బాటలమీద ఆ రాజుగారి పని ప్రతిదినమూ ఒక కూలి స్త్రీ చేసింది.

నాలుగవది సామాను. గుడారం, దాని కొయ్యలు, మంచం, వంటపాత్రలు, జ్వరానికి క్వినైను, కంటిమందులు, సువార్త ప్రతులు, కరపత్రాలు, ఉలవ బస్తాలు. ఇవన్నీ ఎడ్లబండిమీద. బండి గంటకు రెండు మైళ్ళు పోతే గొప్ప. కాబట్టి రాత్రి భోజనాలైనాక బండి ముందు బయలుదేరేది. బండితోపాటు వంటవాడు, గుడారం వేసే లస్కరు, ఒక ఉపదేశి. దొరగారు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు చుక్కల వెలుగులో గుర్రమెక్కి, ఎండ ఎక్కకముందు చేరేవారు. బండి చేరనిదే గుడారం లేదు, పొయ్యి లేదు, ఉలవలు లేవు. అందుచేత రోజు ప్రయాణం ఆమడ, మహా అయితే ఆమడన్నర. గుర్రం ఒక్కపూటలో ముప్పది మైళ్ళు పోగలదు. అయినా రోజుకు పది పన్నెండు మైళ్ళే ఎందుకు నడిచింది? బండి ఎద్దులు అంతే నడవగలవు, గరిక మోపు నెత్తినపెట్టుకున్న స్త్రీ అంతే నడవగలదు గనుక. మన ప్రాంతంలో సువార్త గుర్రపు వేగంతో వ్యాపించిందని ఎవరైనా వేదికమీద చెప్పితే మేము ఒప్పుకోము. అది గడ్డి కోసే మనిషి నడకతో వచ్చింది.

ఈ సంగతి అపొస్తలుల కార్యములలోనూ కనబడుతుంది. 23వ అధ్యాయంలో సహస్రాధిపతి పౌలును కైసరయకు పంపించుటకు చేసిన సన్నాహం చూడండి. ఇన్నూరుమంది సైనికులు, డెబ్బదిమంది గుర్రపు రౌతులు, ఇన్నూరుమంది యీటెలవారు, పౌలు ఎక్కుటకు వాహనాలు, బయలుదేరవలసిన వేళ రాత్రి తొమ్మిది గంటలు. అంతిపత్రి వరకు కాల్బలం తోడున్నది గనుక అందరూ కాలినడక వేగానే పోయి ఉంటారు. మరునాడు రౌతులు పౌలుతో ముందుకు సాగగా కాలినడకవారు కోటకు తిరిగిపోయారు. లూకా ఈ లెక్కలన్నీ ఎందుకు వ్రాశాడోనని విద్యార్థిగా ఉన్నప్పుడు మేము విసుగుకున్నాము. ఇప్పుడు విసుగు లేదు.

ఏరుల సంగతి చెప్పకుంటే ఈ ప్రాంతపు ప్రయాణం చెప్పినట్లు కాదు. బెజవాడ చుట్టుపక్కలవారికి బుడమేరు ఎట్టిదో చెప్పవలసిన పని లేదు, 2024 సెప్టెంబరులో మన కళ్ళారా చూశాము. ఎండిపోయి బుద్ధిగా కనబడి ఒక్క రాత్రిలో ఊళ్ళు ముంచుతుంది. నందిగామ వైపు పోవుటకు కీసర దగ్గర మున్నేరు దాటాలి. వంతెనలు లేని కాలంలో ఆ ఒడ్డున నీళ్ళు తీసేదాకా రోజుల తరబడి కాచుకొనుట మామూలు. అంతకాలం మనుషులకు గింజలు చాలాలి, గుర్రానికి గరిక దొరకాలి. సన్నాహమంటే దారికి సరిపడా మోసుకొనిపోవుట మాత్రమే కాదు, దారి ఆగిపోతే ఎన్నాళ్ళు బ్రతకగలమో లెక్క వేసుకొనుట.

ఇక్కడ మాకు కష్టమైన ఒక సంగతి చెప్పవలసియున్నది. నోబుల్ గారిని గూర్చి మన సంఘాలలో ఎంతో గౌరవం ఉన్నది, ఉండవలసినదే. పెండ్లి లేక, 24 సంవత్సరాలలో ఒక్కమారైనా స్వదేశం వెళ్ళక, 1865లో బందరులోనే కన్నుమూశారు. ఆయన శిష్యులైన మంచాల రత్నం గారు, అయినాల భూషణం గారు 1852లో బాప్తిస్మం పొంది, తరువాత గురువులై మన సంఘానికి స్తంభాలుగా నిలిచారు. కాని ఆయన బడి అగ్రకులాల పిల్లల కొరకు నడచినది. పంచముల పిల్లలకు అందులో చోటు లేదు. దీనిని కొందరు ప్రశ్నించినప్పుడు ఆయన ఒక పోలిక చెప్పి సమర్థించుకున్నారు. తన వంటవాని, గుర్రపువాని, ఊడ్చేవాని పిల్లలతో కలిపి తన సొంత పిల్లలను చదివించవలెనని అణకువ తన్ను కోరదు గదా, అట్లే బ్రాహ్మణ బాలురనూ కోరనక్కరలేదు అన్నది ఆ వాదన సారం. ఆయనను చులకన చేయుటకు ఇది వ్రాయుట లేదు. ఆ కాలంలో అట్లా తలచినవారు ఆయన ఒక్కరే కారు. పైవారు మారితే కిందివారు వెంట వస్తారని చాలామంది నమ్మారు. అయినా ఆ పోలికలో గుర్రపువాడు కనబడినప్పుడు మేము పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాము. మిషను పని నడిపించిన కాళ్ళలో రెండు ఆ గుర్రపువానివి. అతని కొడుకుకు మాత్రం బల్లమీద చోటు లేదు.

ఆ తరువాత జరిగినది అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్పుతాము. బెజవాడలో పనిచేస్తున్న డార్లింగ్ దొరగారి యొద్దకు రాఘవాపురపు మాల పెద్ద పగోలు వెంకయ్యగారు తానుగా నడచి వచ్చారు. దేవుడెవరో తనకు చూపుమని అప్పటికే ఎంతో కాలంగా ప్రార్థిస్తున్న మనిషి ఆయన. 1859లో ఆయన, ఆయనతోపాటు ఆ ఊరివారు అనేకులు బాప్తిస్మం పొందారు. కృష్ణా మండలంలో మన ప్రజల మధ్య సంఘం వేరూనినది అక్కడినుండే. ఎవరూ గుర్రమెక్కి వెళ్ళి ఆయనను వెతికి పట్టుకోలేదు. ఆయనే బాట పట్టి వచ్చాడు. బడి పిలువనివారు గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టారు.

దారుల కథ కూడా ఆ సంవత్సరాలలోనే మారిపోయినది. 1832-33 కరవు, అదే డొక్కల కరవు, గుంటూరు సీమను తుడిచిపెట్టిన తరువాత, ఆర్థరు కాటన్ దొరగారి ఆలోచన ప్రకారం కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టి 1855లో ముగించారు. కాలువలు తవ్వారు. కాలువ వచ్చినచోట పడవ వచ్చింది. పడవకు ఉలవలు అక్కరలేదు, గరిక అక్కరలేదు. గుడారం, పుస్తకాల పెట్టెలు అన్నీ ఒకేచోట వేసుకొని, పడుకుని నిద్రపోతూ తెల్లవారేసరికి ఏలూరు వైపో బందరు వైపో కొంత దూరం పోవచ్చును. పైగా బీడు భూములు మాగాణి అయినవి. చెమ్మ నేలలో గుర్రాలకు డెక్కలు మెత్తబడతాయి, జోరీగలు కుడతాయి. ఆ ఈగల ద్వారా సోకే సర్రా జబ్బుతో గుర్రాలు చిక్కి చచ్చేవి. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో పంజాబు సరిహద్దులో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు కనుగొనేవరకు ఎందుకు చస్తున్నవో తెలియలేదు. 1889లో హైదరాబాదు వైపునుండి రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణమీద రైలు వంతెన లేచింది. మెట్ట ప్రాంతాలలో మాత్రం గుర్రం, ఎడ్లబండి ఇంకా చాలాకాలం తప్పలేదు. 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు ఎడ్లబండిమీదను సైకిలుమీదను సంఘాలు తిరిగారన్నది పెద్దలు నేటికీ చెప్పుకునే సంగతి. మా చిన్ననాటికి గుర్రమంటే బెజవాడ స్టేషను ముందు నిలబడిన జట్కా గుర్రమే. తల వంచుకొని సంచిలోనుండి గడ్డి నములుతూ ఉండేది. ఆ గడ్డి ఎవరు తెచ్చారని మాకు అప్పుడు తోచలేదు.

చివరగా మా అనుభవంలోని ఒక సంగతి. కొన్ని సంవత్సరాల క్రితం మేము పనిచేసిన ఒక పాస్టరేటులో, ఊరు పేరు చెప్పము, చర్చి బీరువా సర్దుతుండగా చెదలు తిన్న ఒక బాప్తిస్మపు రిజిస్టరు దొరికింది. పందొమ్మిదవ శతాబ్దం చివరి రాతలు. బిడ్డ పేరు, తలిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, బాప్తిస్మమిచ్చిన గురువు, ఇట్లా గడులు. వృత్తి గడిలో ఎక్కువ చోట్ల కూలి అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. ఒకచోట మాత్రం "హార్స్‌కీపర్" అని చక్కని దస్తూరీతో ఉన్నది. ఆ ఇంటి పేరు చూడగానే మాకు తెలిసింది. ఆ వంశంవారు నేటికీ ఆ సంఘంలో ఉన్నారు, ఇద్దరు ఇంజనీర్లు, ఒక డాక్టరమ్మ. సంఘ వార్షికోత్సవంలో ఆ పుట చదువుదామని సంతోషంగా వారి పెద్దాయనకు చూపించాము.

ఆయన కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూశారు. "అయ్యగారూ, పేరు చదవండి. పని చదవకండి" అన్నారు.

"ఎందుకండీ? మీ ముత్తాతగారు లేకపోతే దొరగారు మన ఊరు చేరేవారే కాదు గదా" అన్నాము.

"మీకట్లా అనిపిస్తుంది. నా మనవరాలికి సంబంధాలు చూస్తున్నాము" అన్నారు.

మేము పని చదవలేదు. ఆ ఆదివారం పేరు మాత్రమే చదివాము. అది సరియైన పనేనా అని నేటికీ మాకు సందేహమే. ఇంటివారి మాటకు విలువనిచ్చితిమని ఒకసారి అనుకుంటాము. సంఘం లోపలకూడా ఆ మాట దాచుకోవలసి వచ్చెనే అని మరొకసారి దుఃఖపడతాము. మనవరాలి పెండ్లి అయిన తరువాత ఆ పెద్దాయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఆ పుట ఫోటో తీసియిమ్మని అడిగారు. ఎందుకని మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఫోటో తీసి ఇచ్చాము.

ఆ ఫోటో మాకును ఒకటి ఉన్నది. ఈ వ్యాసం వ్రాస్తూ మరల చూశాము. తండ్రి పేరు ఎదుట గుర్రపు పని వ్రాసియున్నది. తల్లి పేరు, మరియమ్మ అన్నది మాత్రమే ఉన్నది. ఆమె కూడా బొరిగె పట్టి గట్లవెంట తిరిగిన మనిషేనేమో. తల్లి పనికి ఆ రిజిస్టరులో గడి లేదు.

రిజిస్టరును ఇప్పుడు ఇనుప బీరువాలోకి మార్పించాము. మన డయోసిస్‌లో ఇంకా ఏయే పాస్టరేటులలో ఇట్టివి చెక్క పెట్టెలలో మగ్గుచున్నవో, వర్షాకాలం రాకముందే పెద్దలు ఒకసారి తెరిచి చూడవలెనని మనవి.